సైబర్ నేరాన్ని ఎవరు నేర్పుతారు? సామాజిక అభ్యసన సిద్ధాంతంపై ఒక సమాధానం

ఆన్‌లైన్ మోసాల మీద ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) ప్రాజెక్టు చేస్తున్న మీరు రెండు సంగతులు అడిగారు. వీధి ముఠాలను చూసి రాసిన సామాజిక అభ్యసన సిద్ధాంతాలు, గదిలో ఒంటరిగా ఫోను పట్టుకుని కూర్చున్న మనిషి చేసే నేరానికి వర్తిస్తాయా అన్నది మొదటిది. పేదరికం, నిరుద్యోగం, అత్యాశ అన్న మూడు మాటలతో తేలిపోయే విషయానికి సిద్ధాంతం ఎందుకని మీ గైడు అన్నదానికి ఏం జవాబు చెప్పాలన్నది రెండోది. నేరశాస్త్రం బోధిస్తూ, సైబర్ కేసుల దర్యాప్తు అధికారులకు తరగతులు చెబుతూ చాలాకాలంగా ఈ విషయంలోనే ఉన్నవాణ్ని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ సిద్ధాంతాలు ఆన్‌లైన్ నేరానికి బాగానే వర్తిస్తాయి. అయితే ఫోన్లు, యాప్‌లు, కోడ్ ఎలా వాడాలో నేర్చుకునే చోట వాటి అవసరం తక్కువ. ఒక పని నేరమని తెలిసి కూడా 'ఇందులో తప్పేముంది' అని తనకు తాను చెప్పుకోవడం మనిషి ఎలా నేర్చుకుంటాడో వివరించే చోట వాటి అవసరం ఎక్కువ.

మూలం నుంచి మొదలుపెడదాం. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్విన్ సదర్లాండ్ 1939లో ప్రకటించి, 1947లో తొమ్మిది సూత్రాలుగా తీర్చిన డిఫరెన్షియల్ అసోసియేషన్ సిద్ధాంతం, అంటే సాంగత్య భేద సిద్ధాంతం, ఈ ఆలోచనలన్నిటికీ తల్లివేరు. నేరానికి కారణాన్ని శరీర నిర్మాణంలోనో, బుద్ధిమాంద్యంలోనో, మురికివాడల దరిద్రంలోనో వెతకడం అలవాటైన కాలంలో, నేరం కూడా మిగతా పనుల్లాగే సన్నిహితుల మధ్య మాటామంతీలో నేర్చుకునేదేనని ఆయన అన్నాడు. 'ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు' అనే సామెత ఉన్న మనకు ఇందులో కొత్తేముందని అనిపించవచ్చు. సామెత ఆగిన చోటు నుంచి సదర్లాండ్ ఇంకా ముందుకు వెళ్లాడు. సాంగత్యంలో నేర్చుకునేది రెండు రకాలని, ఒకటి పని చేసే పద్ధతి అయితే రెండోది ఆ పనికి కావలసిన ఉద్దేశాలు, సాకులు, సమర్థనలు అని ఆయన విడదీసి చెప్పాడు. చట్టాన్ని మీరడాన్ని సమర్థించే నిర్వచనాలు (అంటే ఒక పని తప్పా ఒప్పా అని చెప్పే మాటలు), దాన్ని తప్పుపట్టే నిర్వచనాల కంటే ఎక్కువగా చెవిన పడినప్పుడు మనిషి నేరం వైపు మొగ్గుతాడని, ఆ సాంగత్యం ఎంత తరచుగా జరుగుతుంది, ఎంతకాలం సాగుతుంది, ఎంత చిన్న వయసులో మొదలైంది, ఎంత గాఢమైనది అన్న నాలుగింటిని బట్టి దాని బలం ఉంటుందని వివరించాడు. మీ గైడుగారి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. పెద్ద కంపెనీల అధికారులు, వృత్తి నిపుణులు చేసే నేరాలకు 'వైట్ కాలర్ క్రైమ్' అనే పేరును వాడుకలోకి తెచ్చినవాడు కూడా సదర్లాండే. పేదరికమే నేరానికి కారణమైతే వీళ్ల సంగతేమిటన్నదే ఆయన అడిగిన ప్రశ్న.

అయితే ఆయన సూత్రాల్లో మన విషయానికి అడ్డుతగిలే వాక్యం ఒకటి ఉంది. నేరాభ్యసనంలో ప్రధాన భాగం సన్నిహిత బృందాల్లోనే జరుగుతుందని, సినిమాలు, వార్తాపత్రికల వంటి వ్యక్తిగతం కాని ప్రసార సాధనాల పాత్ర ఆ మేరకు స్వల్పమని ఆయన స్పష్టంగా రాశాడు. దీన్ని పట్టుకుని, ఇంటర్నెట్ కూడా ప్రసార సాధనమే కాబట్టి సిద్ధాంతం అక్కడ చెల్లదని వాదించేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. వార్తాపత్రిక పాఠకుడికి బదులు చెప్పదు, అతడి పేరు గుర్తుపెట్టుకోదు, నిన్న చేసిన పనిని మెచ్చుకోదు. ఇరవై మంది ఉన్న టెలిగ్రామ్ గ్రూపు ఈ మూడూ చేస్తుంది. అసలు పేర్లు తెలియకపోయినా, రోజూ అర్ధరాత్రి దాకా మాట్లాడుకునే ఇద్దరు కుర్రాళ్ల మధ్య తరచుదనం, కాలం, గాఢత అన్నీ ఉంటాయి. సదర్లాండ్ చెప్పిన సన్నిహిత బృందం ఇప్పుడు ఫోనులోకి వచ్చిందని అర్థం చేసుకుంటే సిద్ధాంతాన్ని వంచవలసిన అవసరం లేదు. మరో మాట, మన దేశంలో దొరికిన పెద్ద సైబర్ మోసాల్లో చాలాభాగం ఒంటరి గదుల్లో జరిగినవి కానే కావు. అవి ఊళ్లలో, అద్దె ఫ్లాట్లలో, కాల్ సెంటర్లలో నలుగురూ పక్కపక్కన కూర్చుని చేసినవి.

టెట్, డీఎస్సీ పరీక్షలు రాసినవారికి మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా పేరు, బోబో బొమ్మ ప్రయోగం కంఠతా వచ్చే ఉంటాయి. 1961లో స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలోని 72 మంది పిల్లలపై చేసిన ఆ ప్రయోగంలో, పెద్దవాళ్లు గాలి బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తామూ అలాగే కొట్టారన్నది అందరికీ తెలిసిన భాగం. మీకు పనికొచ్చేవి ఆ తర్వాత వచ్చిన రెండు ప్రయోగాలు. 1963లో అదే దృశ్యాన్ని సినిమాగా చూపించినా పిల్లలు అనుకరించారు కాబట్టి, నమూనా కళ్లెదుట ఉండనక్కర్లేదని తేలింది. 1965లో బొమ్మను కొట్టిన వ్యక్తికి శిక్ష పడటం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు గానీ, ఆ పని చేసి చూపిస్తే బహుమతి ఇస్తామన్నప్పుడు వాళ్లూ మిగతావారిలాగే చేసి చూపించారు. నేర్చుకోవడం వేరు, నేర్చుకున్నది చేయడం వేరు. బ్యాంకు మేనేజరులా మాట్లాడి ఓటీపీ ఎలా రాబడతారో అవగాహన వీడియోలు చూసిన మనందరికీ తెలుసు. తెలిసినవాళ్లందరూ ఫోను ఎత్తి మోసం చేయడం లేదు. కాబట్టి మీరు పట్టుకోవలసింది 'ఎలా తెలిసింది' అన్నదాన్ని కాదు, తెలిసినదాన్ని చేసేయవచ్చన్న ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది అన్నదాన్ని.

సదర్లాండ్ సాంగత్యాన్ని, మనస్తత్వశాస్త్రంలోని పునర్బలనాన్ని (బహుమతి వస్తే ఆ పని మళ్లీ చేయడం, శిక్ష పడితే మానడం అన్న భావనను) కలిపి 1966లో రాబర్ట్ బర్గెస్, రోనాల్డ్ ఏకర్స్ కొత్తగా సిద్ధాంతీకరించారు. ఇప్పుడు నేరశాస్త్రంలో సామాజిక అభ్యసన సిద్ధాంతం అంటే ప్రధానంగా ఏకర్స్ దాన్ని ఆ తర్వాత విస్తరించిన రూపమే. అందులో సాంగత్యం, నిర్వచనాలు, పునర్బలనం, అనుకరణ అని నాలుగు అంగాలున్నాయి. నాలుగింటికీ సమాన బలం లేదు. 2010లో ట్రావిస్ ప్రాట్, ఆయన సహ పరిశోధకులు అంతకుముందు వచ్చిన అనేక అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు సాంగత్యం, నిర్వచనాలు గట్టిగా నిలబడ్డాయి, మిగతా రెండూ బలహీనంగా కనిపించాయి. కంప్యూటర్ నేరాల విషయంలో తొలి అధ్యయనాల్లో ఒకటి 1997లో స్కిన్నర్, ఫ్రీమ్ అనే ఇద్దరు అమెరికాలోని ఒక దక్షిణాది విశ్వవిద్యాలయంలో 581 మంది విద్యార్థుల మీద చేశారు. సాఫ్ట్‌వేర్ దొంగ కాపీలు, ఇతరుల ఖాతాల్లోకి చొరబడటం వంటివి వాళ్లు అడిగిన ప్రశ్నల్లో ఉన్నాయి. అలాంటి పనులు చేసే స్నేహితులుండటమే అన్నిటికంటే బలమైన సూచికగా తేలింది. ఇంటర్నెట్ అందరి చేతుల్లోకి రాకముందటి సంగతి ఇది.

ఇక మన దగ్గరి ఉదాహరణలకు వస్తాను. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు తక్షణ రుణ యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వేధింపులు భరించలేక తెలంగాణలో కొందరు ఆత్మహత్య చేసుకున్న తర్వాతే ఆ కేసులు బయటపడ్డాయి. యాప్ నడిపే పద్ధతి చాలావాటిలో ఒకటే. ఐదు వేలు అప్పు అని చెప్పి ప్రాసెసింగ్ ఫీజు పేరిట ముందే కొంత కోసుకుంటారు, వారం రోజుల్లో మొత్తం కట్టమంటారు, యాప్ వేసుకున్నప్పుడే ఫోనులోని కాంటాక్టులు, ఫొటోలు తీసేసుకుంటారు. గడువు దాటగానే అత్తగారికీ, ఆఫీసు మేనేజరుకూ 'ఈమె దొంగ' అంటూ ఫొటోతో వాట్సాప్ మెసేజీలు వెళ్తాయి. యజమానులు ఎక్కడో ఉన్నారు, ఆ కేసుల్లో చైనా దేశస్థులు కూడా అరెస్టయ్యారు. కానీ ఆ ఫోన్లు చేసినవాళ్లు మన పిల్లలే. డిగ్రీ పూర్తి చేసి, బీపీఓ ఉద్యోగమని చేరిన ఇరవై రెండేళ్ల అమ్మాయి పది రోజుల్లో ఒక అపరిచితురాలిని 'నీ కూతురి ఫొటో ఎక్కడ పెడతానో చూడు' అనగలిగే స్థితికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు పేదరికం, అత్యాశ అన్న మాటలు జవాబు చెప్పవు.

అలాంటి చోట పనిచేసి బయటికి వచ్చినవారితో మాట్లాడినప్పుడు నాకు కనిపించిన క్రమం ఇది. కొత్తగా చేరినవారిని ముందు సీనియర్ పక్కన కూర్చోబెట్టి కాల్స్ వినిపిస్తారు. చేతికిచ్చే స్క్రిప్టులో మొదటి పేజీ మర్యాదగానే ఉంటుంది. 'సార్, ఈ రోజు మీ డ్యూ డేట్, గుర్తు చేద్దామని' అంటూ మొదలవుతుంది. ఆలస్యమయ్యే కొద్దీ ఖాతా ఒక 'బకెట్' నుంచి ఇంకో బకెట్‌కు మారుతుంది, బకెట్ మారినప్పుడల్లా స్క్రిప్టు గొంతు మారుతుంది. చివరి బకెట్‌లో కూర్చున్నవాళ్లు ఏం మాట్లాడతారో మొదటి రోజు ఎవరూ చెప్పరు, పక్క వరుసలోంచి వినిపిస్తూ ఉంటుంది. సాయంత్రం రికవరీ అంకెలు గోడమీద బోర్డుపైనో, టీమ్ గ్రూపులోనో పడతాయి. ముందున్నవాళ్లకు ఇన్సెంటివ్, చప్పట్లు. వెనకబడ్డవాళ్లకు టీమ్ లీడర్ చేత నలుగురిలో మాటలు. ఈ మొత్తంలో సాంగత్యం, అనుకరణ, పునర్బలనం మూడూ ఉన్నాయి గానీ, వీటన్నిటినీ కలిపి కట్టి ఉంచేది మధ్యాహ్నం భోజనాల దగ్గర వినిపించే ఒక వాక్యం: 'తీసుకున్నప్పుడు బాగుంది కదా, కట్టేటప్పుడు నొప్పా?' అప్పు తీసుకున్నవాళ్లందరూ ఎగవేతదారులే, వాళ్లు అవమానానికి అర్హులే అన్న నిర్వచనం ఆ గదిలో అందరి ఆస్తి. ఆ వాక్యాన్ని తీసేస్తే అంతటి వేధింపును అంత మామూలు మనుషులతో చేయించడం కష్టం.

ఈ సాకుల నిర్మాణాన్ని 1957లోనే గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే ఇద్దరు సమాజశాస్త్రవేత్తలు ఐదు రకాలుగా విడదీశారు. బాధ్యత నాది కాదనడం, ఎవరికీ నష్టం లేదనడం, బాధితుడే దానికి అర్హుడనడం, తప్పుపట్టేవాళ్లనే తప్పుపట్టడం, ఇంకా పెద్ద విధేయత కోసం చేశాననడం. రుణ యాప్ ఉద్యోగిది మూడో రకం. తన బ్యాంకు పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, దానికి లింకైన సిమ్ కలిపి 'కిట్'గా కమీషన్‌కు అమ్ముకున్న ఇంజనీరింగ్ విద్యార్థిది మొదటి రకం. 'నేను ఎవరినీ మోసం చేయలేదు సార్, అకౌంట్ ఇచ్చానంతే' అన్న మాట మ్యూల్ ఖాతాల (మోసం డబ్బు దాటించడానికి ఇతరులకు ఇచ్చిన ఖాతాల) కేసుల్లో విననివాడు ఉండడు. ఆ మాట కూడా అతడి సొంతం కాదు, ఖాతా అడిగిన సీనియరే ముందుగా దాన్ని అతడికి చెప్పి ఉంటాడు.

నాలుగో రకానికి తెలుగునాట సినిమా పైరసీని మించిన ఉదాహరణ లేదు. ఐబొమ్మ వెబ్‌సైటును నడిపాడన్న ఆరోపణతో 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేసినప్పుడు సామాజిక మాధ్యమాల్లో వచ్చిన స్పందన మీ ప్రాజెక్టుకు ఒక అధ్యాయం పెట్టగలిగినంత సమృద్ధమైన సామగ్రి. టికెట్టు ధరలు, పాప్‌కార్న్ రేట్లు, హీరోల పారితోషికాలు, ప్రీమియర్ షోల పేరిట వసూళ్లు, ఇలా తప్పుపట్టేవాళ్ల తప్పులన్నీ ఏకరువు పెట్టి, అరెస్టయిన వ్యక్తిని పేదవాడి పక్షాన నిలిచినవాడిగా కీర్తించినవారు తక్కువేమీ కాదు. టికెట్టు ధరల మీద వాళ్ల ఫిర్యాదు నిజం కావచ్చు, నేనూ ఆ ధరకు కొనడానికి వెనకాడతాను. ఇక్కడ నా ఆసక్తి వేరే. సదర్లాండ్ చెప్పిన అనుకూల నిర్వచనాలు నేరస్థుల ముఠాలో మాత్రమే పుట్టవు, చట్టాన్ని గౌరవించే మధ్యతరగతి ఇళ్లలో, ఫ్యామిలీ గ్రూపులో లింకు పంపిన బాబాయి దగ్గర కూడా పుడతాయి. పైరసీ వెబ్‌సైట్లలో బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలు వరుసగా కనిపిస్తాయన్నది, లింకు నొక్కిన ప్రతివాడూ చూసిన విషయం. ఇంటిల్లిపాదీ 'ఇది దొంగతనమేం కాదు' అని ఒప్పుకున్న లింకే పిల్లవాణ్ని తర్వాతి మెట్టు ముందు నిలబెడుతుంది.

పునర్బలనం గురించి మాట్లాడాలంటే జార్ఖండ్‌లోని జామ్‌తాడాకు వెళ్లాలి. 2001లో దుమ్కా నుంచి విడదీసి ఏర్పాటు చేసిన చిన్న జిల్లా అది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ తన చివరి దశలో చాలా ఏళ్లు గడిపిన కర్మాటాండ్ అక్కడిదే, ఆ రైల్వే స్టేషనుకు ఆయన పేరే పెట్టారు. రైలు ప్రయాణికులకు మత్తుమందు పెట్టి దోచుకునే ముఠాలకు ఆ ప్రాంతం ఒకప్పుడు పేరుపడింది. గత దశాబ్దంలో అక్కడి కుర్రాళ్లు బ్యాంకు అధికారుల పేరిట ఫోన్లు చేసి, 'మీ ఏటీఎం కార్డు బ్లాకయింది, నంబరు చెప్పండి' అనే మోసానికి దేశమంతటా ప్రసిద్ధులయ్యారు. జార్ఖండ్‌లో, పక్కనున్న బిహార్, బెంగాల్‌లలో అంతే పేదరికం, అంతే నిరుద్యోగం ఉన్న జిల్లాలు ఎన్నో ఉన్నాయి. ఇది అన్నిచోట్లా ఒకేసారి పుట్టకుండా కొన్ని మండలాల్లో గుంపుగా పుట్టి, అక్కడి నుంచి చుట్టాల ద్వారా, స్నేహితుల ద్వారా పక్క ప్రాంతాలకు పాకడమే అభ్యసనానికి గుర్తు. పేదరికం కారణమైతే నేరం పేదరికం ఉన్నంత మేరా పరుచుకుని ఉండాలి. సాంగత్యం కారణమైతే అది బంధుత్వాల దారుల్లో నడవాలి. జామ్‌తాడాలో జరిగింది రెండోదే.

అక్కడి పనివిభజన చూడండి. సిమ్‌లు తెచ్చేవాడు ఒకడు, ఫోను చేసేవాడు ఒకడు, డబ్బు పడే ఖాతాలు సమకూర్చేవాడు ఒకడు, ఏటీఎం నుంచి తీసుకొచ్చేవాడు ఇంకొకడు. కొత్తవాడు చివరి పనితో మొదలై, పక్కన కూర్చుని వింటూ వింటూ ఫోను దాకా ఎదుగుతాడు. మన దగ్గర మెకానిక్ షెడ్డులో చేరిన కుర్రాడు పానాలు అందిస్తూ ఇంజిన్ విప్పడం దాకా రావడానికీ దీనికీ పద్ధతిలో తేడా లేదు. ఫలితం అందరి కళ్లముందూ ఉంటుంది. మట్టి ఇళ్ల మధ్య లేచిన మేడ, దాని ముందు నిలిపిన కారు ఊళ్లోని ప్రతి పిల్లవాడికీ బందూరా చెప్పిన పరోక్ష పునర్బలనం. శిక్ష మాత్రం అలా కనిపించదు. అరెస్టయినవాడు బెయిలు మీద తిరిగి వస్తాడు, కేసు ఏళ్లతరబడి నడుస్తుంది, బాధితుడు ఎక్కడో అనంతపురంలోనో కాకినాడలోనో ఉంటాడు కాబట్టి సాక్ష్యం చెప్పడానికి రాడు. నష్టపోయినవాడి ముఖం ఊళ్లో ఎవరికీ తెలియదు, లాభపడినవాడి ఇల్లు అందరికీ తెలుసు. నేరశాస్త్రంలో నేను ఇంతకంటే స్పష్టమైన పునర్బలన పట్టికను చూడలేదు. ఆ జిల్లాలోని 118 గ్రామ పంచాయతీల్లోనూ పాత ప్రభుత్వ భవనాలను బాగుచేసి గ్రంథాలయాలు పెట్టిన ప్రయత్నం కూడా ఈ కోణంలోంచి చూస్తే అర్థమవుతుంది. పిల్లలు సాయంత్రం ఎవరి పక్కన కూర్చుంటారన్నదాన్ని మార్చాలని చూశారు. దాని ఫలితాన్ని నేరాల లెక్కలతో పోల్చి కొలవడం ఇంకా తొందరపాటు.

డబ్బు ఆశతో మొదలవని నేరాభ్యసనం కూడా ఉంది. బ్రిటన్ నేషనల్ క్రైమ్ ఏజెన్సీ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం వాళ్ల సైబర్ కేసుల్లో నిందితుల సగటు వయసు 17, అదే మాదకద్రవ్యాల కేసుల్లో 37. ఆ పిల్లల్లో చాలామంది వీడియో గేముల్లో గెలవడానికి చీట్‌లు వెతుకుతూ వెళ్లి, అక్కడి చర్చావేదికల్లో హ్యాకింగ్ పరిచయమై, తోటివాళ్ల మెప్పు కోసం ఒక్కో మెట్టూ ఎక్కినవారు. 2016లో ఇంటర్నెట్‌ను కుదిపేసిన మిరాయ్ బాట్‌నెట్ (యజమానులకు తెలియకుండా దాడికి వాడుకునే పరికరాల దండు) వెనకున్న ముగ్గురు అమెరికన్ కుర్రాళ్లు కూడా మైన్‌క్రాఫ్ట్ గేమ్ సర్వర్ల పోటీలోంచి వచ్చినవారే. ఆ ఏడాది సెప్టెంబరు చివర దాని కోడ్‌ను ఒక హ్యాకింగ్ చర్చావేదికలో అందరికీ పెట్టేశారు, అక్టోబరులో డిన్ అనే సంస్థ మీద జరిగి పెద్ద వెబ్‌సైట్లను గంటలతరబడి నిలిపేసిన దాడి ఆ కోడ్ రకంతోనే జరిగింది. అనుకరణకు ఇక్కడ గురువు కూడా అవసరం లేకపోయింది, పరికరమే చేతికొచ్చింది. ఏకర్స్ నాలుగు అంగాల్లో ఆన్‌లైన్‌కు వచ్చేసరికి పూర్తిగా రూపు మారినది అనుకరణే అని నేననుకోవడానికి కారణం ఇదే.

నిర్వచనాలే కీలకమన్న నా వాదానికి ఒక మంచి సాక్ష్యం కూడా బ్రిటన్‌లోనే ఉంది. డబ్బు కట్టి ఇతరుల వెబ్‌సైట్ల మీద దాడి చేయించుకునే 'బూటర్' సేవల కోసం గూగుల్‌లో వెతికే కుర్రాళ్లకు, అది నేరమని చెప్పే ప్రకటనలు 2017 డిసెంబరు నుంచి 2018 జూన్ దాకా అదే ఏజెన్సీ చూపించింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కలు తీస్తే, అదే కాలంలో అమెరికా మీద దాడులు పెరుగుతూ పోగా బ్రిటన్‌లో ఆ పెరుగుదల ఆగింది. ఎవరినీ అరెస్టు చేయకుండా, 'అందరూ చేసేదే కదా' అన్న నిర్వచనానికి ఎదురు నిర్వచనం సరైన క్షణంలో కనిపించినందుకు వచ్చిన ఫలితం అది. మన దగ్గర కాలర్ ట్యూన్‌గా మోగిన హెచ్చరికలు బాధితుణ్ని ఉద్దేశించినవి. ఖాతా అమ్ముకోబోయే విద్యార్థితో మాట్లాడే సందేశం మాత్రం అరుదు.

ఇప్పుడు సిద్ధాంతం ఆగిపోయే చోట్లు. వైవాలో మిమ్మల్ని ఇవే అడుగుతారు.

మొదటిది, స్నేహితుల వల్ల నేరం అబ్బిందా, ఆ గుణం ఉన్నవాడు అలాంటి స్నేహితులను వెతుక్కున్నాడా అన్న పాత తగాదా. 1990లో గాట్‌ఫ్రెడ్‌సన్, హిర్షి అనే నేరశాస్త్రవేత్తలు స్వీయ నిగ్రహ లోపమే మూలమని, సాంగత్యం దాని తర్వాతి సంగతని వాదించారు. పైరసీ మీద వచ్చిన అధ్యయనాల్లో రెండింటి ప్రభావమూ కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో ఈ చిక్కు ఇంకా పెద్దది, ఎందుకంటే ఊళ్లో స్నేహితులు దొరికినవాళ్లే, నెట్‌లో మాత్రం వెతుక్కున్నవాళ్లు. పైగా సిఫారసు అల్గారిథమ్ ఒక్క వీడియో చూసినవాడికి అలాంటివే ఇంకా చూపిస్తుంది, అది ఎంపిక అనాలో ప్రభావం అనాలో తేల్చడం కష్టం. నా మొగ్గు రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయన్న వైపు.

రెండోది బలవంతం. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు డేటా ఎంట్రీ ఉద్యోగాల పేరిట యువకులను కంబోడియాకు పంపిన ఏజెంట్లను పట్టుకున్నారు. అక్కడికి చేరిన మన పిల్లల పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, సొంత దేశస్థులనే మోసం చేయమన్నారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో ఇచ్చిన అంచనా ప్రకారం మయన్మార్‌లో కనీసం లక్షా ఇరవై వేల మంది, కంబోడియాలో సుమారు లక్ష మంది ఇలాంటి స్థితిలో ఉండవచ్చు. ఆ శిబిరాల్లో స్క్రిప్టులున్నాయి, టార్గెట్లున్నాయి, శిక్షా బహుమతులున్నాయి. పైపైన చూస్తే ఏకర్స్ చెప్పినవన్నీ ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ తిండి పెట్టకుండా, కరెంటు షాకులిచ్చి చేయించిన పనిని 'నేర్చుకున్న నేరం' అనడం శాస్త్రరీత్యా తప్పు, మనిషిగా ఇంకా తప్పు. మనసులో నిర్వచనం మారకుండానే పని జరుగుతోంది కాబట్టి అది మనుషుల అక్రమ రవాణా కిందికి వస్తుంది. చిక్కల్లా, అందులో కొందరు కొంతకాలానికి కమీషన్ల రుచి మరిగి, తామే స్వగ్రామం నుంచి స్నేహితులను రప్పించే ఏజెంట్లుగా మారతారు. ఆ మలుపు ఎక్కడ జరుగుతుందన్నది సిద్ధాంతానికీ, న్యాయస్థానానికీ కూడా కఠినమైన ప్రశ్నే.

మూడోది అవకాశం. అందరి చేతికీ ఫోను, క్షణంలో డబ్బు పంపే సదుపాయం, ఎవరి పేరునైనా దొరికే సిమ్‌లు లేకపోతే ఎంత నేర్చుకున్నా ఉపయోగం లేదు. అవకాశం ఎందుకు పెరిగిందో సామాజిక అభ్యసనం చెప్పదు, చెప్పాలని ఆశించకూడదు కూడా. అలాగే కేసుల లెక్కల విషయంలో జాగ్రత్త. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదికలో దేశం మొత్తం మీద 65,893 సైబర్ కేసులుంటే అందులో 15,297 తెలంగాణవి. దీన్నిబట్టి తెలంగాణ యువత ఎక్కువగా నేరం నేర్చుకుంటోందని రాయకండి. ఆ కేసులు బాధితులు ఎక్కడున్నారో చెబుతాయి, పోలీసులు ఫిర్యాదును ఎంత శ్రద్ధగా ఎఫ్‌ఐఆర్ చేస్తున్నారో చెబుతాయి. నేరస్థుడు ఎక్కడ నేర్చుకున్నాడో వాటిలో ఉండదు.

ప్రాజెక్టు విషయానికొస్తే, ఆన్‌లైన్ నేరాలన్నిటినీ ఒకే గంపలో వేయకుండా మ్యూల్ ఖాతాల మీద పరిమితం చేసుకోమని నా సలహా. కాలేజీ విద్యార్థులు మీకు అందుబాటులో ఉంటారు, చేసే పని స్పష్టంగా ఉంటుంది, సాకు కూడా స్పష్టంగా ఉంటుంది. 'మీ స్నేహితుల్లో ఎంతమంది ఖాతా అద్దెకిచ్చారు' అని మాత్రమే అడిగి సాంగత్యాన్ని కొలిచానని అనుకోకండి. తాను చేసినవాడు అందరూ చేస్తున్నారనే చెబుతాడు, ఈ రకం అధ్యయనాల మీద ఉన్న ప్రధాన విమర్శ ఇదే. వీలైతే ఒకే హాస్టల్ గదిలో ఉన్నవారిని విడివిడిగా అడిగి సమాధానాలు పోల్చండి, లేదా సెమిస్టరు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అడిగి ఏది ముందు మారిందో చూడండి. నిర్వచనాలను కొలవడానికి 'ఇది తప్పా' అని సూటిగా అడిగితే అందరూ తప్పే అంటారు. దానికి బదులు చిన్న కథనం ఇవ్వండి: 'ఫీజు కట్టడానికి డబ్బులేని ఒక విద్యార్థి, సీనియర్ అడిగితే తన ఖాతాను నెలరోజులు వాడుకోనిచ్చాడు, అందులో ఏం జరిగిందో అతడికి తెలియదు.' అతడి మీద కేసు పెట్టాలా వద్దా, ఎందుకు అని రాయమనండి. వాళ్లు రాసే కారణాల్లో సైక్స్, మాట్జా ఐదు రకాలూ వాటంతటవే బయటికి వస్తాయి. ప్రశ్నపత్రంలో పేరు, రోల్ నంబరు, బ్యాంకు పేరు అడగవద్దు. తాము చేసిన నేరాన్ని ఎవరైనా వివరంగా చెప్పడం మొదలుపెడితే రికార్డింగ్ ఆపేయండి, ఎందుకంటే మీ నోటు పుస్తకాన్ని దర్యాప్తు అధికారి అడిగితే ఇవ్వనని చెప్పే రక్షణ పరిశోధక విద్యార్థికి మన చట్టంలో ప్రత్యేకంగా లేదు. ఆ విషయం సమ్మతి పత్రంలోనే రాసి, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోండి.